అనుభవం ఒక్కటే సరిపోని వృత్తి

కాస్మెటాలజీ కోర్సులో చేరడానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంత ఫీజు పోసి బ్యూటీ స్కూల్లో చదివించే బదులు ఏదైనా మంచి సెలూన్‌లో పనికి పెడితే అక్కడే నేర్చుకోరా అని. కొందరి గొంతులో ఈ పని మీద చిన్నచూపు వినిపిస్తుంది. ఎక్కువమంది గొంతులో మాత్రం నిజమైన దిగులే ఉంటుంది. డబ్బు వృథా అవుతుందేమో, పిల్లల భవిష్యత్తు ఏమవుతుందో అన్న దిగులు. ఈ చదువు చదివి, సెలూన్‌లో పనిచేసి, ఇప్పుడు పాఠాలు చెబుతున్న మనిషిగా ఆ దిగులుకు నేరుగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కత్తెర పట్టడం, పాయలు తీయడం, దారంతో కనుబొమలు తీర్చడం, ముఖానికి మర్దన చేయడం... ఇవన్నీ ఒకరి పక్కన నిలబడి చూసి, చేసి నేర్చుకునే పనులే. ప్రపంచమంతటా తరతరాలు అలాగే నేర్చుకున్నాయి. బడి గడప తొక్కకుండానే అద్భుతంగా జుట్టు కత్తిరించేవాళ్లను నేను చూశాను. వాళ్ల చేతిని చూసి నేర్చుకున్నాను కూడా. పని చేయడం వరకే అయితే బడి తప్పనిసరి అని నేను అనను.

అయినా చదువు కావాలంటాను. ఎందుకంటే ఈ వృత్తిలో జరిగే హాని, చేసినవారి కళ్ల ముందు జరగదు. వడ్రంగికి కొలత తప్పితే ఆ క్షణమే తలుపు చట్రంలో పట్టదు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తెలుస్తుంది, మరుసటిసారి చెయ్యి జాగ్రత్త పడుతుంది. జుట్టుకు రంగు వేసినప్పుడు అలా కాదు. వచ్చినవారు అద్దంలో చూసుకుని, సంతోషించి, డబ్బు చెల్లించి వెళ్లిపోతారు. రెండు రోజుల తరువాత ఇంట్లో కనురెప్పలు వాస్తాయి, చెవుల వెనక దద్దుర్లు లేస్తాయి, నెత్తి మీద రసి కారుతుంది. వాళ్లు వెళ్లేది డాక్టరు దగ్గరికి. రంగు వేసిన మనిషి దగ్గరికి మళ్లీ రారు. వేసిన మనిషి లెక్కలో మాత్రం ఆ పని చక్కగా జరిగినట్టే. ఇలా పదిహేనేళ్లు పనిచేసినవారు "నా చేతిలో ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు" అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు తెలిసే దారి లేదు, అంతే.

ముదురు రంగుల శాశ్వత డైలలో ఎక్కువగా ఉండే పారాఫెనిలిన్‌డయమిన్ అనే రసాయనాన్నే తీసుకోండి. దీనివల్ల వచ్చే అలర్జీ వెంటనే బయటపడే రకం కాదు. ఒంటికి ఆ పదార్థం మొదట పరిచయం కావాలి, దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవాలి, ఆ తరువాత ఎప్పుడో ఒకసారి ఎదురుతిరుగుతుంది. ఎన్నోసార్లు అదే రంగు హాయిగా వేసుకున్న మనిషికి ఒక రోజు హఠాత్తుగా ముఖమంతా వాచిపోవడం అందుకే. చెవి వెనకో మోచేతి మడతలోనో చిటికెడు రంగు రాసి 48 గంటలు ఆగి చూడమని చెప్పేదీ అందుకే. దీన్నే ప్యాచ్ టెస్ట్ అంటారు. గతంలో 'నల్ల గోరింటాకు' పేరుతో తాత్కాలిక పచ్చబొట్టు వేయించుకున్నారా అని అడగాలని మా విద్యార్థులకు నేర్పుతాం. ఆ నల్లదనం చాలాసార్లు ఇదే రసాయనానిది. సరదాగా వేయించుకున్న ఆ పచ్చబొట్టు, ఏళ్ల తరువాత వేసే జుట్టు రంగుకు ఒంటిని ముందే శత్రువును చేసి పెట్టి ఉండవచ్చు. ఎంత అనుభవం ఉన్నా ఈ రెండింటి మధ్య సంబంధాన్ని సెలూన్‌లో నిలబడి ఒక మనిషి తనంతట తాను కనిపెట్టగలరా?

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 1930లలో అమెరికాలో లాష్ లూర్ పేరుతో కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు అమ్మారు. ఈ రసాయనాల కుటుంబానికి చెందినదే. దాన్ని వేయించుకున్న కొందరు మహిళలు చూపు కోల్పోయారు, ఒకరు ప్రాణం కోల్పోయారు. సౌందర్య సాధనాలను తొలిసారి అక్కడి కేంద్ర చట్టం పరిధిలోకి తెచ్చిన 1938 నాటి చట్టం వెనక ఉన్న ఘటనల్లో అదొకటి. వేసినవాళ్లు దుర్మార్గులు కారు. అందంగా చేయాలనే వేశారు.

మా బడిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఒకటుంది. జుట్టు మెల్లమెల్లగా నల్లబడుతుందని చెప్పి అమ్మే కొన్ని రంగుల్లో, కల్తీ గోరింటాకు పొడుల్లో సీసం, వెండి, రాగి వంటి లోహాల లవణాలు కలిపే అలవాటు ఉండేది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. వేసుకున్నవారికి ఆ సంగతి తెలియదు. "గోరింటాకు తప్ప ఇంకేమీ పెట్టలేదు" అని నమ్మకంగా చెబుతారు. అలాంటి జుట్టు మీద పెరాక్సైడ్ కలిసిన రంగు వేస్తే ఏమవుతుందో తరగతిలో చూపిస్తాను. గాజు గిన్నెలో 20 వాల్యూమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్, అంటే 6 శాతం ద్రావణం, పోసి కొన్ని చుక్కల అమ్మోనియా కలుపుతాను. లోహ లవణాలు పట్టిన చిన్న వెంట్రుకల కుచ్చుకు ఒక చివర టేపు చుట్టి అందులో వదులుతాను. రాగి ఉన్న కుచ్చయితే చూస్తుండగానే చుట్టూ బుడగలు లేస్తాయి. గిన్నె అంచు పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, ఘాటైన దుర్వాసన వస్తుంది. కాసేపటికి తీసి రెండు వేళ్లతో లాగితే వెంట్రుకలు తడిసిన నూలులా చేతిలోకి వచ్చేస్తాయి. అప్పటిదాకా కబుర్లలో ఉన్న వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైపోతుంది. "మేడం, ఇది తల మీద జరిగితే?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేను వేరే జవాబు చెప్పను. గిన్నెను ముట్టుకుని చూడమంటాను.

ఆ పరీక్షకు పట్టేది అరగంట. సెలూన్‌లో పని నేర్పే యజమాని చాలా మంచివారు కావచ్చు. కానీ శనివారం సాయంత్రం ముగ్గురు వరుసలో కూర్చుని ఉండగా ఈ గిన్నె బయటికి తీసే తీరిక ఆయనకు ఉండదు. బడి అమ్మేది నిజానికి ఆ తీరికనే.

వెంట్రుక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోకుండా ఈ పని చేసేవాళ్లంటే నాకు భయం. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 30 సెంటీమీటర్ల జుట్టు కొసన ఉన్నది రెండున్నరేళ్ల కిందటి వెంట్రుక. అది చర్మం దాటి బయటికి వచ్చాక దానిలో ప్రాణం లేదు, దెబ్బ తింటే మానదు. మొన్న వేసిన రంగు, నిరుడు చేయించిన స్ట్రెయిటెనింగ్, అంతకు ముందరి బ్లీచింగ్ అన్నీ అందులోనే ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి మరిచిపోయినా జుట్టు మరిచిపోదు. వెంట్రుకకు బలాన్నిచ్చేది కెరాటిన్ అనే ప్రొటీను, ఆ ప్రొటీను గొలుసులను కలిపి పట్టుకునేవి డైసల్ఫైడ్ బంధాలు. వంకీలు తిప్పడానికీ, కొన్ని రకాల స్ట్రెయిటెనింగ్‌లోనూ వాడే అమ్మోనియం థయోగ్లైకోలేట్ ఈ బంధాలను తెంచుతుంది, తరువాత పెరాక్సైడ్ వాటిని కొత్త ఆకారంలో తిరిగి కలుపుతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో జుట్టు సాపు చేసే పద్ధతి వేరు. అది ఆ బంధాలను తిరిగి కలపడానికి వీల్లేని రకంగా మార్చేస్తుంది. కాబట్టి ఒకటి చేసిన జుట్టు మీద రెండోది చేయకూడదు. చేస్తే జుట్టు మొదలంటా విరిగిపోతుంది. రెండు డబ్బాల మీదా 'స్ట్రెయిటెనింగ్' అనే రాసి ఉండవచ్చు, రెండూ అలమరలో పక్కపక్కనే ఉంటాయి. వీడియోల్లో ఒక్కో డబ్బా విడిగా కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే తల మీద కలిస్తే ఏమవుతుందో చూపే వీడియో ఎవరూ చేయరు.

చర్మం విషయం కూడా ఇంతే. మొటిమలకు రెటినాయిడ్ క్రీములు రాస్తున్నవారికి ముఖం మీద వ్యాక్సింగ్ చేస్తే వెంట్రుకతో పాటు చర్మం పైపొర ఊడి రావచ్చు. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవారైతే మాత్రలు ఆపిన తరువాత కూడా నెలల తరబడి ఆగాలి. "ముఖానికి ఏమైనా మందు రాస్తున్నారా? మాత్రలు వేసుకుంటున్నారా?" అని రెండు ప్రశ్నలు అడిగితే తప్పిపోయే గాయం ఇది. గోళ్ల దగ్గరికి వస్తే, ఒకరికి వాడిన ఆకురాయిని ఇంకొకరికి వాడకూడదు. లోహపు పనిముట్లను ముందు సబ్బుతో కడిగి, ఆ తరువాతే క్రిమిసంహారక ద్రావణంలో పూర్తిగా ముంచి, సీసా మీద రాసినంత సేపూ ఉంచాలి. మురికి అంటుకున్న పనిముట్టును ఎంత మంచి ద్రావణంలో ముంచినా ఫలితం ఉండదు. ఇంతకు మించి ఇక్కడ సాగదీయను.

కాబట్టి మంచి బడికి నేను పెట్టే కొలత ఇది: అక్కడి విద్యార్థికి "ఈ రోజు చేయను" అని చెప్పడం వచ్చా, లేదా. ఇది చాలా కష్టమైన విద్య. ఎదురుగా ఉన్న మనిషి పెళ్లికో ఫంక్షనుకో ముస్తాబు కావాలని వచ్చారు, డబ్బు ఇస్తామంటున్నారు, యజమాని వెనక నిలబడి చూస్తున్నారు. నెత్తి మీద పుండు కనిపించింది, లేదా ప్యాచ్ టెస్ట్ చేయలేదు. అప్పుడు మర్యాద తప్పకుండా, ఎదుటివారు చిన్నబుచ్చుకోకుండా, కారణం చెప్పి, ఇంకో రోజుకు రమ్మనగలగాలి. మా దగ్గర దీన్ని జంటలుగా నిలబెట్టి సాధన చేయిస్తాం. ఒకరు పట్టుబట్టే కస్టమర్, ఇంకొకరు కాదనే పనివారు. జుట్టు కత్తిరింపులో మొదటి వారమే మెచ్చుకోలు అందుకున్న పిల్లలు ఈ సాధనలో తడబడటం నేను చాలాసార్లు చూశాను. ఈ ఒక్క విద్య వచ్చినవాళ్లు మాత్రం తరువాత ఏ శాఖలోకి వెళ్లినా నిలబడ్డారు.

చదువుకు ఎన్ని గంటలు కావాలన్నది ఇంకో వాదం. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. కాలిఫోర్నియా 2022లో కాస్మెటాలజీ శిక్షణను 1,600 గంటల నుంచి 1,000కి తగ్గించింది. గంటలు తగ్గితే ఖర్చూ అప్పూ తగ్గుతాయి, త్వరగా సంపాదనలో పడతారు అన్నది తగ్గించమనేవారి మాట. దానితో నాకు పెద్ద తగువు లేదు. గంటలు ఎక్కువ ఉన్నచోట వాటిని దేనితో నింపుతున్నారన్నదే నా ప్రశ్న. కొన్ని బడులు విద్యార్థులను నెలల తరబడి తువ్వాళ్లు ఉతకడానికీ, బయటి కస్టమర్లకు తక్కువ ధరకు పని చేసిపెట్టడానికీ వాడుకుంటాయి. ఆ డబ్బు బడికి, ఫీజు మాత్రం విద్యార్థి కట్టాలి. దాన్ని శిక్షణ అని పిలవడం అన్యాయం. అక్కడ 2,000 గంటలు గడిపినా, జాగ్రత్తగా నేర్పిన 1,000 గంటలకు సాటి రాదు.

ఇక ఉద్యోగాలు. కోర్సు పూర్తయిన వెంటనే సంపాదన పొంగిపొర్లుతుందని ప్రకటనలు చెబుతాయి. మొదటి రెండు మూడేళ్లు కష్టంగానే ఉంటాయని నేను చెబుతాను. ఎక్కువమంది సెలూన్‌లో సహాయకులుగా మొదలుపెడతారు. తలలు కడగడం, రంగు కలపడం, ఊడ్చడం. తరువాత సొంత కుర్చీ వస్తుంది. జీతం మీదో, చేసిన పనిలో వాటా మీదో, కుర్చీ అద్దెకు తీసుకునో పనిచేస్తారు. ఈ వృత్తిలో ఆస్తి అంటే మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ వచ్చే మనుషులే. ఒకసారి వచ్చి వెళ్లే వందమంది కంటే, ఆరు వారాలకోసారి పేరు చెప్పి అడిగి వచ్చే ముప్ఫైమంది గొప్ప. వాళ్లను కూడగట్టుకోవడానికి కాలం పడుతుంది.

ఒంటి సంగతి కూడా ముందే తెలియాలి. రోజంతా నిలబడటం, చేతులు భుజాల ఎత్తున ఉంచి పనిచేయడం, ఎప్పుడూ తడిగా ఉండే వేళ్లు. జుట్టు పనివాళ్లలో చేతుల మీద ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి పగిలి దురద పెట్టే జబ్బు, చాలా మామూలు, అది తరచుగా శిక్షణ రోజుల్లోనే మొదలవుతుంది. గ్లవ్స్ వేసుకోమని నేను అంత మొండిగా వెంటపడేది అందుకే. వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువును వదిలే స్ట్రెయిటెనింగ్ ద్రావణాల మీద అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2011లోనే హెచ్చరిక జారీ చేసింది. 'ఫార్మాల్డిహైడ్ లేదు' అని సీసా మీద రాసి ఉన్నవాటిలోనూ అది బయటపడింది. జుట్టు పనివాళ్లు వృత్తిలో ఎదుర్కొనే రసాయనాల ప్రభావాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో ఉంచింది. ఇక్కడ కూడా హాని ఆలస్యంగానే పలుకుతుంది, కాకపోతే ఈసారి పనిచేసేవారి ఒంట్లో. కిటికీలు, గాలి లాగే ఫ్యాన్లు, గ్లవ్స్ లేని సెలూన్‌లో ఎంత జీతం ఇచ్చినా చేరవద్దని నా విద్యార్థులకు చెప్పి పంపుతాను.

సెలూన్ దాటి దారులు చాలానే ఉన్నాయి. చర్మ సంరక్షణ, గోళ్ల పని, స్పాలు, నాటకాలు, టీవీ, సినిమా. భారతీయ సినిమా రంగంలో మేకప్ కళాకారులుగా మహిళలను రానివ్వకుండా ఒక సంఘం పెట్టుకున్న నిబంధన దశాబ్దాల పాటు సాగింది. దాన్ని 2014లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు గురించి విన్నప్పుడు మా తరగతిలో అమ్మాయిలు ముందు నమ్మలేదు, అప్పటిదాకా అలాంటి నిషేధం ఉండేదన్న మాటే వాళ్లకు కొత్త. ఇక తక్కువమందికి తెలిసిన పనులు నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. కీమోథెరపీలో జుట్టు రాలిన వారికి విగ్గు అమర్చి, రాలిన కనుబొమలను రంగుతో గీసి ఇచ్చేవారున్నారు. కాలిన మచ్చలనూ బొల్లి మచ్చలనూ కప్పే మేకప్ నేర్పేవారున్నారు. చనిపోయిన మనిషిని కడసారి చూపుకు సిద్ధం చేసేవారున్నారు. ఈ పనుల్లో చేతి నేర్పు ఎంత అవసరమో, ఎదుటి మనిషి ముందు ఎలా నిలబడాలో తెలియడం అంతే అవసరం. మందుల ప్రభావం ఉన్న చర్మం మీద ఏది వాడవచ్చు, ఏది వాడకూడదు అన్న జ్ఞానం ఇక్కడ రోజూ కావాలి. ఉత్పత్తుల కంపెనీల్లో శిక్షకులుగా, బడుల్లో బోధకులుగా, లైసెన్సులు ఉన్నచోట్ల తనిఖీ అధికారులుగా కూడా వెళ్లవచ్చు. సొంత వ్యాపారం గురించి చెప్పనక్కరలేదు. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబంలో 1867లో పుట్టి, బట్టలు ఉతికి బతికిన మేడమ్ సి.జె. వాకర్ జుట్టు సంరక్షణ ఉత్పత్తులతో పెద్ద సంస్థను నిర్మించింది. నాకు అందులో నచ్చేది ఆమె డబ్బు కాదు. 1908లో పిట్స్‌బర్గ్‌లో లెలియా కాలేజీ పేరుతో బడి పెట్టి, ఇళ్లలో పాచిపని తప్ప వేరే దారి లేని నల్లజాతి మహిళలకు జుట్టు సంరక్షణ పని నేర్పించింది. డబ్బాలు అమ్మి ఊరుకోలేదు.

ఒక గీత మాత్రం దాటకూడదు. కాస్మెటాలజిస్టు చర్మ వైద్యులు కారు. కొన్ని వారాల కోర్సుకు 'స్కిన్ స్పెషలిస్ట్' అని సర్టిఫికెట్ ఇచ్చే బడులు విద్యార్థినీ మోసం చేస్తున్నాయి, రేపు ఆ విద్యార్థి ముందు కూర్చునే మనిషినీ మోసం చేస్తున్నాయి. క్రీములు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేయాలంటే రసాయనశాస్త్రం డిగ్రీ వేరుగా చదవాలి. ఈ కోర్సుతో ఆ తలుపు తెరుచుకోదు.

అయితే వైద్యుడు చూడనిది మేం చూసే సందర్భాలు ఉంటాయి. తల వెనక భాగం మనిషి తానుగా ఎన్నడూ చూసుకోలేని చోటు. ఆకారం మారుతున్న పుట్టుమచ్చ, రూపాయి బిళ్లంత జుట్టు రాలిన మచ్చ, ఎవరో జుట్టు పట్టి లాగిన ఆనవాలు ముందు కనిపించేది దువ్వెన పట్టిన మనిషికే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సెలూన్ పనివాళ్లకు లైసెన్సు కొనసాగాలంటే గృహహింసను గుర్తించడంపై ఒక గంట శిక్షణ తీసుకోవాలని 2017 నుంచి నియమం ఉంది. ఆ గంటలో వాళ్లను పోలీసులుగానో కౌన్సెలర్లుగానో తయారు చేయరు. గుర్తుపట్టడం, సాయం దొరికే చోటు చెప్పడం నేర్పుతారు. పుట్టుమచ్చ విషయంలోనూ మేం జబ్బు పేరు పెట్టం. "ఇది ఒకసారి డాక్టరుకు చూపించండి" అంటాం. ఈ గంట పాఠం ప్రతి బడిలోనూ ఉండాలని నా పట్టుదల.

చేరబోయేవాళ్లు బడిని ఎలా చూసి ఎంచుకోవాలో చెబుతాను. అద్దాలు మెరిసే రిసెప్షన్ చూసి రావద్దు. విద్యార్థులు నిజమైన మనుషుల మీద పనిచేసే గదిలో ఒక మధ్యాహ్నం కూర్చోనివ్వమని అడగండి. కూర్చోనివ్వకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. కూర్చోనిస్తే, బోధకులు విద్యార్థి పక్కన ఉన్నారా, ఫోనులో ఉన్నారా చూడండి. కుర్చీలో కూర్చున్న మనిషిని పని మొదలుపెట్టే ముందు ప్రశ్నలు అడిగారా, జవాబులు కాగితం మీద రాసుకున్నారా చూడండి. గోళ్ల పని అయ్యాక ఆ ఆకురాయి చెత్తబుట్టలోకి వెళ్లిందా, సొరుగులోకి వెళ్లిందా చూడండి. ఎవరికైనా పని చేయడానికి నిరాకరించిన సందర్భం చెప్పమని బోధకులను అడగండి. వెంటనే రెండు మూడు చెప్పగలిగితే మంచిది. ఫీజులో కత్తెరలు, బ్రష్షులు, నమూనా తలలు ఉన్నాయో లేదో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కిందటి సంవత్సరం చదివిన ఇద్దరి ఫోను నంబర్లు అడిగి, వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, ఆ గిన్నె పరీక్షను కళ్లారా చూశారో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.